ఇసుకకు పొలిమేరలు తెలియవు: తీర నిర్వహణపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సముద్రపు కోత గురించే. బతకని మడ మొక్కలు, ఉప్పెక్కిన బావులు, కట్టడానికి ఎంత దూరం వదలాలన్న సందేహాలు ఆ తర్వాత. విడివిడిగా అడిగినా ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడినవే కాబట్టి ఒకేచోట జవాబిస్తున్నాం.

ప్రశ్న: సమగ్ర తీర ప్రాంత నిర్వహణ అన్న మాట తరచూ వింటున్నాం. రేవులకు, చేపల వేటకు, అడవులకు, తాగునీటికి వేర్వేరు శాఖలు ఉన్నాయి కదా. మళ్లీ ఈ ‘సమగ్రం’ దేనికి?

జవాబు: ప్రతి శాఖా తన పని సవ్యంగా చేసినా తీరం పాడైపోవచ్చు. అందుకే ఇది కావాలి. పడవల దారి పూడకూడదని రేవు వాళ్లు సముద్రంలోకి కట్ట కడతారు. సాగునీటి కోసం నది మీద ఆనకట్ట లేస్తుంది. ఇళ్లకు చోటు కావాలని ఇసుక దిబ్బల్ని చదును చేస్తారు. ఎవరి కాగితాలు వాళ్ల దగ్గర సరిగ్గానే ఉంటాయి. కానీ నది తేవాల్సిన ఇసుక ఆనకట్ట వెనక ఆగిపోతుంది. తీరం వెంట నడిచే ఇసుక కట్ట పక్కన ఆగిపోతుంది. తుఫాను రోజున సముద్రం తీసుకుని, తెరిపి ఇచ్చాక తిరిగి ఇచ్చే ఇసుక దిబ్బతోపాటే పోతుంది. మూడు దెబ్బలూ ఒకేచోట పడతాయి, ఆ చోటికి మాత్రం బాధ్యులు ఎవరూ ఉండరు.

ఈజిప్టును చూడండి. నైలు నది మొగల దగ్గర కోత అస్వాన్ హై డ్యామ్‌కు ముందే మొదలైంది. 1970లో ఆ డ్యామ్ పూర్తయ్యాక ఒండ్రు దాదాపుగా మొత్తం జలాశయంలోనే నిలిచిపోయి, వందల కిలోమీటర్ల దిగువన రొసెట్టా మొగ దగ్గర నేల వేగంగా సముద్రంలో కలిసిపోయింది. చివరికి అక్కడ గోడలు కట్టాల్సి వచ్చింది. ఆనకట్ట ఖర్చు లెక్కించిన నాడు ఆ గోడల ఖర్చు లెక్కలో లేదు.

అమెరికా 1972లోనే తీర ప్రాంత నిర్వహణకు ప్రత్యేక చట్టం చేసింది. 1992లో రియోలో జరిగిన ఐక్యరాజ్య సమితి పర్యావరణ సదస్సు ఆమోదించిన ‘అజెండా 21’లో 17వ అధ్యాయం తీర దేశాలన్నిటికీ ఈ సమగ్ర పద్ధతినే సూచించింది. మధ్యధరా దేశాలు 2008లో మాడ్రిడ్‌లో ఇందుకోసమే ఒక ప్రోటోకాల్ మీద సంతకాలు చేశాయి, 2011లో అది అమల్లోకి వచ్చింది. వీటన్నిటి సారం ఒకటే: నేలను, నీటిని కలిపి చూడాలి, శాఖలు ఒకే పటం మీద మాట్లాడుకోవాలి, ఇవాళ్టి లాభంతోపాటు 50 ఏళ్ల తర్వాతి నష్టాన్నీ అదే కాగితం మీద రాయాలి.

ప్రణాళికకు హద్దులు ఎక్కడ గీయాలన్నదే అన్నిటికన్నా ముఖ్యం. జిల్లా సరిహద్దులు పనికిరావు. ఇసుక ఎక్కడ బయలుదేరి ఎక్కడ ఆగుతుందో ఆ మేరంతా ఒక యూనిట్. దీన్నే సెడిమెంట్ సెల్ అంటారు. ఇంగ్లండ్, వేల్స్ తీరాన్ని ఇలా 11 పెద్ద సెల్స్‌గా విడగొట్టి, వాటి ఆధారంగానే తీర ప్రణాళికలు తయారుచేశారు.

ప్రశ్న: పక్క ఊళ్లో రాళ్ల గ్రోయిన్, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి చొచ్చుకెళ్లే కట్ట, కట్టారు. వాళ్ల బీచ్ పెరిగింది, మాది తరిగిపోతోంది. మేమూ ఒకటి కట్టించమని అడగాలా?

జవాబు: అడిగే ముందు ఏం జరిగిందో చూద్దాం. అలలు ఒడ్డుకు నేరుగా రావు, కాస్త ఏటవాలుగా వస్తాయి. అల ఇసుకను ఏటవాలుగా పైకి తోస్తుంది, వెనక్కి మళ్లేటప్పుడు నీరు వాలును బట్టి తిన్నగా కిందికి జారుతుంది. రంపపు పళ్లలాంటి ఈ దారిలో ఇసుక రేణువు తీరం వెంట అడుగడుగునా ముందుకు సాగుతుంది. గాలి మారిన కాలంలో ఎదురు దిశకూ నడుస్తుంది. రెండు దిశల నడకలోంచి ఒకటి తీసేస్తే మిగిలేదే ఏడాదికి నికర ఇసుక ప్రవాహం.

గ్రోయిన్ ఆ నడకకు అడ్డం. ఇసుక వచ్చే పక్క మేట వేస్తుంది, వెళ్లే పక్క కోత మొదలవుతుంది. మేట నిండి గ్రోయిన్ కొసను దాటి ఇసుక మళ్లీ నడిచేదాకా అవతలి తీరం ఆకలితో ఉంటుంది. గ్రోయిన్ కొత్త ఇసుకను పుట్టించలేదు. మీ వాటాను ఆపి వాళ్ల దగ్గర పెట్టింది. మీరూ ఒకటి కట్టిస్తే మీ తర్వాతి ఊరి వాటా మీ దగ్గర ఆగుతుంది.

కట్టక తప్పని చోట ఒక పద్ధతి ఉంది. ఒక్క గ్రోయిన్‌ను కాక వరసగా కొన్నిటిని కడతారు. వాటి మధ్య దూరం సాధారణంగా గ్రోయిన్ పొడవుకు రెండు మూడు రెట్లు. ఇసుక వెళ్లే పక్క చివరి నుంచి పని మొదలుపెట్టి వెనక్కి రావాలి. చివరి రెండు మూడింటిని క్రమంగా పొట్టిగా కట్టాలి, అప్పుడు కోత ఒక్కచోటే పోగుపడదు. గ్రోయిన్ల మధ్య ఖాళీలను బయటి నుంచి తెచ్చిన ఇసుకతో ముందే నింపాలి. ఈ నింపే పనినే ఖర్చు తగ్గించడానికి అంచనాల్లోంచి తీసేస్తుంటారు. అది తీసేశారంటే ఆ ఖర్చును పక్క ఊరి మీదికి నెట్టినట్టే.

అసలు మందు ఆగిన ఇసుకను అవతలికి దాటించడం. ఆస్ట్రేలియాలో గోల్డ్ కోస్ట్ సీవే దగ్గర 1986 నుంచి, ట్వీడ్ నది మొగ దగ్గర 2001 నుంచి పంపులు ఇదే పని చేస్తున్నాయి. ఇసుకను నీటితో కలిపి పైపుల్లో మొగ దాటించి అవతలి బీచ్‌లకు చేరుస్తారు. ట్వీడ్ దగ్గర దాటించేది ఏడాదికి సుమారు 5 లక్షల ఘనపు మీటర్లు. ఇది ఒకసారి చేసి మరిచిపోయే పని కాదు. రేవు ఉన్నంతకాలం పంపు నడవాలి. అందుకే ఇసుక దాటించే బాధ్యత, దానికయ్యే వార్షిక ఖర్చు రేవు అనుమతి పత్రంలోనే షరతుగా ఉండాలి. నిర్మాణం పూర్తయ్యాక అడిగితే డబ్బు ఎవరిదన్న తగువే మిగులుతుంది.

బయటి నుంచి ఇసుక పోయడం మరో దారి. నెదర్లాండ్స్ 1990లో తన తీరరేఖ ఎక్కడుందో అదే హద్దుగా పెట్టుకుని, అది వెనక్కి జరిగిన చోటల్లా ఇసుక పోస్తోంది. 2001 నుంచి సగటున ఏడాదికి సుమారు 1.2 కోట్ల ఘనపు మీటర్లు. 2011లో ఒకేచోట 2.15 కోట్ల ఘనపు మీటర్లు పోసి, దాన్ని పంచే పనిని అలలకు, గాలికి వదిలేశారు. దాని పేరు ‘సాండ్ మోటార్’.

ఇసుక పోసినప్పుడు తప్పులు జరిగేది మూడు చోట్ల. తెచ్చిన ఇసుక అక్కడి దానికన్నా సన్నగా ఉంటే తొందరగా కొట్టుకుపోతుంది, సమానంగానో కాస్త ముతకగానో ఉండాలి. ఒడ్డుకు మరీ దగ్గర్లో తవ్వితే పోసిన ఇసుక జారి ఆ గుంతలోకే చేరుతుంది. ఇక మూడోది, మొదటి తుఫానుకు పై ఇసుక నీటి కిందికి పరుచుకోగానే డబ్బు సముద్రం పాలైందని గగ్గోలు పెట్టి పని ఆపేయడం. నీటి కింద పరుచుకున్న ఇసుక పోయినట్టు కాదు. పెద్ద అలలు దూరంగానే విరిగేది దాని వల్లే.

కాబట్టి గ్రోయిన్ కావాలని కాదు, మా వాటా ఇసుక మాకు దాటించమని అడగండి. పక్క ఊళ్లో గ్రోయిన్‌కు అనుమతి ఇచ్చేముందు ఏడాదికి ఎంత ఇసుక ఏ దిశలో నడుస్తుందని లెక్క వేశారో ఆ కాగితం చూపించమని మొదట కోరండి.

ప్రశ్న: పాత ఉపగ్రహ చిత్రంతో పోల్చి చూస్తే తీరం 20 మీటర్లు వెనక్కి జరిగింది. ఇది నిజమైన కోతేనా? పెద్ద పరికరాలేవీ లేకుండా మేమే కొలుచుకోవచ్చా?

జవాబు: రెండు చిత్రాలతో తేల్చకండి. బీచ్ వాలు 20కి 1 ఉన్నచోట పోటుకూ పాటుకూ నీటిమట్టంలో ఒక్క మీటరు తేడా ఉన్నా నీటి అంచు 20 మీటర్లు జరుగుతుంది. ఒక చిత్రం పోటులో, మరొకటి పాటులో తీస్తే చాలు, లేని కోత కనిపిస్తుంది. పైగా ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక చుక్క 30 మీటర్లు, సెంటినెల్-2 చిత్రంలో 10 మీటర్లు. రుతువు కూడా మోసం చేస్తుంది. పెద్ద అలల కాలంలో బీచ్ సన్నబడి, నెమ్మది కాలంలో మళ్లీ నిండటం మామూలే. అందుకే ఒకే కాలానికి చెందిన చిత్రాలు, ఏళ్ల తరబడివి, వీలైనన్ని తీసుకోండి. నీటి అంచును కాకుండా శాశ్వతంగా పచ్చదనం మొదలయ్యే గీతను పోల్చండి.

నేల మీద కొలవడానికి సముద్ర భూశాస్త్రవేత్త కె.ఓ. ఎమెరీ 1961లో చూపిన రెండు కర్రల పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. 1.5 మీటర్ల కర్రలు రెండు, వాటి మీద పైనుంచి కిందికి సెంటీమీటరు గీతలు, మధ్య దూరానికి 2 మీటర్ల తాడు, ఒక నోటు పుస్తకం, ఇద్దరు మనుషులు. అంతే.

కోతకు అందని చోట, దిబ్బ వెనకో పాత కట్టడం మీదో, ఒక స్థిరమైన గుర్తు పెట్టుకోండి. అక్కడి నుంచి సముద్రం వైపు తిన్నని గీత ఊహించుకోండి. మొదటి కర్ర గుర్తు మీద, రెండోది తాడు పొడవున సముద్రం వైపు. వెనక ఉన్న మనిషి ముందు కర్ర కొసను, దూరాన ఆకాశం సముద్రం కలిసే గీతను ఒకే వరసలోకి తెచ్చి చూడాలి. ఆ చూపు తన కర్రను ఎక్కడ తాకుతుందో, పైకొస నుంచి అక్కడిదాకా ఉన్న సెంటీమీటర్లే ఆ 2 మీటర్లలో నేల దిగిన ఎత్తు. నేల సముద్రం వైపు లేచి ఉంటే తిరగేయాలి: వెనక కర్ర కొస మీదుగా క్షితిజాన్ని చూస్తే ఆ చూపు ముందు కర్రను ఎక్కడ తాకుతుందో రాసుకోవాలి, దానికి ప్లస్ గుర్తు పెట్టాలి. ఇలా నీళ్లదాకా వెళ్లాలి. బాగా పాటు ఉన్న వేళ మొదలుపెడితే ఎక్కువ బీచ్ అందుతుంది.

తడి ఇసుకలో కర్ర దిగబడటమే పెద్ద తప్పు. అడుగున చదునైన చెక్క బిళ్ల కొట్టండి. కర్ర నిటారుగా లేకపోతే ప్రతి అడుగులో కొద్దికొద్దిగా తప్పు చేరుతూ పోతుంది. మంచు పట్టి క్షితిజం కనిపించని రోజు కొలవకండి. తేదీ, గంట, పోటో పాటో, గాలి దిశ, అల ఎత్తు తప్పక రాయండి. నెలకు ఒకసారి ఒకే తిథి దగ్గర్లో, ప్రతి తుఫాను తర్వాత రెండు మూడు రోజుల్లో కొలవండి. గ్రాఫు కాగితం మీద గీసి, గీత కింద వైశాల్యం లెక్కిస్తే మీటరు తీరానికి ఎన్ని ఘనపు మీటర్ల ఇసుక ఉందో తెలుస్తుంది. ఏడాది కొలిస్తే రుతువుల తీరు అర్థమవుతుంది. కోత ధోరణి అని గట్టిగా అనాలంటే ఐదారేళ్లయినా ఓపిక పట్టాలి.

ప్రశ్న: తీరం నుంచి ఎంత దూరంలో కట్టుకోవడం క్షేమం?

జవాబు: అన్ని చోట్లకూ సరిపోయే అంకె లేదు. మధ్యధరా ప్రోటోకాల్ చలికాలంలో నీరు అత్యధికంగా చేరే గీత నుంచి కనీసం 100 మీటర్లు వదలమంటుంది, పరిస్థితిని బట్టి మినహాయింపులకూ చోటిచ్చింది. అమెరికాలోని నార్త్ కరోలినాలో దూరం కోత వేగాన్ని బట్టి మారుతుంది: చిన్న ఇళ్లకు వార్షిక కోతకు 30 రెట్లు, ఎంత తక్కువైనా 60 అడుగులు, స్థిరమైన పచ్చదనం గీత నుంచి. పెద్ద భవనాలకు అంతకన్నా ఎక్కువ. మాకు ఈ రెండో పద్ధతే న్యాయంగా తోస్తుంది.

ఒక నమూనా లెక్క చూడండి. కోత ఏడాదికి 0.8 మీటర్లు, భవనం ఆయుష్షు 60 ఏళ్లు అనుకుంటే 48 మీటర్లు. ఒక్క పెద్ద తుఫానుకు కోసుకుపోయేది 15 మీటర్లు అనుకుందాం. సముద్రమట్టం ఇప్పటి వేగాన్ని మించి అదనంగా 25 సెంటీమీటర్లు పెరిగితే, నీటి లోపలి వాలు 60కి 1 ఉన్నచోట మరో 15 మీటర్లు. మొత్తం 78. దీనికి ఐదో వంతు జాగ్రత్త కలిపితే సుమారు 94 మీటర్లు.

సముద్రమట్టం పెరుగుదలకు వేసిన మూడో అంకె, తీర ఇంజనీరు పర్ బ్రూన్ 1962లో ఇచ్చిన సూత్రం నుంచి వచ్చింది. ఇసుక తీరాల్లో మట్టం 1 సెంటీమీటరు పెరిగితే అంచు సుమారు 50 నుంచి 100 సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుందని దాని భావం. ఇసుక తీరం వెంట ఎటూ పోకుండా ముందుకూ వెనక్కే కదులుతుందని అది ఊహిస్తుంది. నది మొగల దగ్గర, కట్టల పక్కన, రాతి తీరాల్లో, బురద తీరాల్లో దాన్ని నమ్మకండి. ఇంకో జాగ్రత్త: పాత కోత వేగంలో పాత మట్టం పెరుగుదల ప్రభావం ఇప్పటికే కలిసి ఉంది. అందుకే ‘అదనపు’ పెరుగుదలనే కలపాలి, లేకపోతే ఒకే నష్టాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. 2006 నుంచి 2018 వరకు ప్రపంచ సగటు పెరుగుదల ఏడాదికి 3.7 మిల్లీమీటర్లని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్య సమితి నిపుణుల సంఘం ఐపీసీసీ ఆరో నివేదిక చెప్పింది. భూమి కుంగే డెల్టాల్లో కుంగుబాటును దీనికి కలుపుకోవాలి. చాలాచోట్ల కుంగుబాటే పెద్ద అంకె.

ప్రశ్న: మూడుసార్లు మడ మొక్కలు నాటాం, మూడుసార్లూ చనిపోయాయి. విత్తనం చెడ్డదా?

జవాబు: విత్తనం మంచిదే అయ్యుంటుంది, చోటే తప్పు. మడ చెట్టు నీటి మొక్క కాదు. రోజులో ఎక్కువసేపు దాని వేళ్లకు గాలి తగలాలి. సగటు సముద్రమట్టానికి కాస్త పైనుంచి అమావాస్య, పౌర్ణమి పోట్లు చేరే గీతదాకా ఉన్న మేరే దాని ఇల్లు. మడ అడవుల పునరుద్ధరణలో పేరుపొందిన రాయ్ లూయిస్ ఒక కొలత చెప్పేవారు: మొక్క ఉన్న నేల మొత్తం సమయంలో 30 శాతమో అంతకన్నా తక్కువో మాత్రమే నీట మునగాలి. నాటే కార్యక్రమాలు మాత్రం తరచుగా సముద్రానికి ఎదురుగా ఉన్న బురద మేటల మీదే జరుగుతాయి. అవి ఎవరి సొంతమూ కావు, తగువు లేదు, ఒక్కరోజులో వేల మొక్కలు గుచ్చవచ్చు. ఫిలిప్పీన్స్‌లో ఎన్నో ఏళ్లు ఇలాగే నాటగా బతికినవి 10 నుంచి 20 శాతమేనని అక్కడి పరిశోధకులు తేల్చారు.

జాతి ఎంపిక రెండో పొరపాటు. రైజోఫొరా, అంటే ఉప్పుపొన్న, కాయ పొడుగ్గా ఉండి చేత్తో గుచ్చడానికి వీలుగా ఉంటుంది. అందుకని అన్నిచోట్లా అదే నాటుతారు. అలల వైపు ముందు వరసలో సహజంగా నిలబడేవి చాలా తీరాల్లో నల్లమడ, తెల్లమడ, కళింగ జాతులు.

నాలుగోసారి నాటకముందు ఇలా చేయండి. దగ్గర్లో ఆరోగ్యంగా ఉన్న మడ అడవికి వెళ్లి, ఏ జాతి ఏ ఎత్తులో ఉందో చూడండి. నీళ్లు నింపిన పారదర్శక గొట్టంతో తాపీపని వాళ్లు మట్టం చూసినట్టే ఆ ఎత్తును మీ స్థలానికి తెచ్చి గుర్తు పెట్టండి. ఆ ఎత్తు మీ స్థలంలో లేకపోతే అక్కడ మడ రాదు, పని ఆపండి. ఎత్తు ఉండీ మొక్క లేకపోతే ఎందుకు లేదో వెతకండి. పాత చెరువు గట్టు పోటును ఆపుతుండవచ్చు, తూము లేకుండా వేసిన రోడ్డు ఉప్పుటేరును మూసి ఉండవచ్చు, పశువులు మేస్తుండవచ్చు. గట్టును పాత కాలువ ఉన్నచోటే తెంచండి. ఎక్కడంటే అక్కడ తెంచితే నీరు లోపల నిలిచి, ఎండకు ఉప్పు పేరుకుంటుంది. నీటి దారి తెరిచాక ఒకటి రెండు విత్తన కాలాలు ఆగండి. చుట్టుపక్కల తల్లి చెట్లుంటే విత్తనాలు పోటుతో వాటంతటవే వచ్చి, వాటికి తగిన ఎత్తులో నాటుకుంటాయి. రాకపోతేనే మనం నాటాలి.

అలల కోత వల్ల బురద నిలవని తీరంలో ముందు బురదను ఆపాలి. ఇండోనేసియాలో జావా దీవిలోని డెమాక్ తీరంలో వెదురు, కొమ్మలతో నీరు దాటే కట్టలు కట్టి ఒండ్రు పట్టే ప్రయత్నం చేశారు. కొన్నిచోట్ల ఒండ్రు నిలిచింది, కానీ భూగర్భజలాలు తోడటంతో నేల కుంగుతూ ఉండటం ఆ ఫలితాన్ని తినేసింది. మడ అడవి సమస్యకు మూలం బోరుబావిలో ఉండవచ్చన్నమాట.

రక్షణ విషయంలోనూ అంచనా సరిగ్గా ఉండాలి. వంద మీటర్ల వెడల్పు మడ, అల ఎత్తును 13 నుంచి 66 శాతం తగ్గిస్తుంది. తుఫాను ఉప్పెన మట్టాన్ని మాత్రం కిలోమీటరు వెడల్పుకు 5 నుంచి 50 సెంటీమీటర్లే తగ్గిస్తుంది. రెండు వరసల చెట్లు ఉప్పెనను ఆపుతాయని ఎవరికీ ధైర్యం చెప్పకండి. ఖాళీ చేయాల్సిన వేళ ఖాళీ చేయాల్సిందే. ఇక లెక్క రాసేటప్పుడు నాటినవి కాదు, మూడేళ్ల తర్వాత, ఐదేళ్ల తర్వాత బతికున్నవి రాయండి.

ప్రశ్న: బావి నీరు ఏటేటా ఉప్పెక్కుతోంది. ఇంకా లోతుగా బోరు వేయమంటున్నారు. వేయాలా?

జవాబు: వేయకండి. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఘైబెన్, హెర్జ్‌బర్గ్ సూత్రం ప్రకారం మంచినీటి మట్టం సముద్రమట్టానికి 1 మీటరు పైనుంటే, కింద సుమారు 40 మీటర్ల లోతువరకు మంచినీరు ఉంటుంది. మంచినీటి సాంద్రత 1.000, సముద్రపు నీటిది 1.025 కావడమే ఇందుకు కారణం. తిరగేసి చెప్పాలంటే, తోడి మట్టాన్ని ఒక మీటరు దించి అలాగే ఉంచితే కింది ఉప్పునీరు కాలక్రమంలో 40 మీటర్లు పైకి రాగలదు. లోతు బోరు దాని దగ్గరికే వెళ్తుంది. సముద్రపు నీటిలో క్లోరైడ్ లీటరుకు సుమారు 19,000 మిల్లీగ్రాములు. తాగేటప్పుడు ఉప్పదనం తెలిసే హద్దు 250. వంద బిందెల మంచినీటిలో బిందెన్నర కూడా కలవకముందే నీరు రుచి మారుతుందన్నమాట.

చేయాల్సిన పని తోడే తీరును మార్చడం. ఒకే బోరు నుంచి గంటల తరబడి లాగకుండా, లోతు తక్కువున్న అనేక బావుల నుంచి కొద్దికొద్దిగా తీసుకోవాలి. నీటిమట్టానికి కాస్త దిగువన చిల్లుల గొట్టాన్ని అడ్డంగా పరిచి పైనీటినే మెల్లగా సేకరించే పద్ధతి ఇసుక నేలల్లో బాగా పనిచేస్తుంది. ఇసుక దిబ్బల్ని తవ్వనివ్వకండి, వాన నీటిని నిలబెట్టి కింది ఉప్పును అదిమిపెట్టేది అవే. నెలనెలా ఒకే గంటకు నీటిమట్టం, విద్యుత్ వాహకత (నీటిలో ఉప్పు పెరిగేకొద్దీ ఇది పెరుగుతుంది) కొలిచి రాయండి. వాహకత వరసగా పెరుగుతుంటే రుచి మారకముందే తోడటం తగ్గించవచ్చు. మారాక కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ఉప్పెన వచ్చి పైనుంచి బావి మునిగితే సంగతి వేరు. ఆత్రంగా పదేపదే తోడేస్తే చుట్టూ నేలలోని, కిందున్న ఉప్పునీటిని బావిలోకి లాక్కున్నట్టవుతుంది. బురద తీసి, ఒకసారి మెల్లగా తోడి, వానలకు వదలాలి. అప్పటిదాకా తాగునీరు బయటి నుంచి ఇవ్వాలి.

ప్రశ్న: సముద్రానికి అడ్డంగా రాళ్లు పేర్చిన గోడ రెండేళ్లలోనే కుంగిపోయింది. రాళ్లు చాలకనా?

జవాబు: సాధారణంగా కారణం రాళ్ల సంఖ్య కాదు, వాటి కిందుండాల్సిన పొర. పెద్ద రాళ్లను నేరుగా ఇసుక మీద పేరిస్తే ప్రతి అలకూ సందుల్లోంచి ఇసుక బయటికి పీల్చుకుపోతుంది. అడుగున నీటిని వదిలి ఇసుకను ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ, దాని మీద చిన్న రాళ్ల పొర, ఆపైన పెద్ద రాళ్లు కనీసం రెండు వరసలు ఉండాలి. గోడ కాలి దగ్గర అల గుంత తవ్వుతుంది, ఆ గుంత లోతు ఇంచుమించు అల ఎత్తంత ఉండవచ్చు. కాలిని అంత లోతునైనా పాతాలి, లేదా గుంతలోకి జారి దాన్ని కప్పేలా ముందు అదనపు రాళ్లు పరచాలి.

రాయి బరువు అల ఎత్తు ఘనంతో పెరుగుతుంది. గోడ ముందు నీరు 2 మీటర్ల లోతుంటే అక్కడికి విరగకుండా చేరగల అల ఎత్తు అందులో 0.78 వంతు, అంటే సుమారు 1.6 మీటర్లు. గోడ వల్లనో ఇసుక తవ్వకం వల్లనో ముందున్న బీచ్ ఒక మీటరు దిగితే అల 2.3 మీటర్లవుతుంది. ఎత్తు పెరిగింది ఒకటిన్నర రెట్లే, కావాల్సిన రాయి బరువు మాత్రం దాదాపు 3.4 రెట్లు. నిరుడు నిలిచిన గోడ ఈ ఏడు కూలేది ఇందుకే. గోడ రెండు చివర్లనూ వెనక్కి నేలలోకి మళ్లించడం మరవకండి, లేకపోతే సముద్రం పక్క నుంచి చుట్టి వెనకకు వస్తుంది.

ప్రశ్న: బీచ్‌ను యంత్రంతో రోజూ శుభ్రం చేయడం మంచిదేనా?

జవాబు: ప్లాస్టిక్ తీయండి, చేత్తో. కొట్టుకొచ్చిన నాచు, ఆకులు, పుల్లల్ని పై అంచున వదిలేయండి. గాలికి ఎగిరే ఇసుక వాటి దగ్గర ఆగి కొత్త దిబ్బకు మొదలవుతుంది. యంత్రం ఆ మొలక దిబ్బల్ని, ఇసుకలో పెట్టిన తాబేలు గుడ్లను కూడా చిదిమేస్తుంది.

ప్రశ్న: మా తీరానికి ప్రణాళిక తయారైంది. మూడేళ్లుగా బీరువాలోనే ఉంది. లోపం ఎక్కడ?

జవాబు: సముద్ర కాలుష్యంపై ఐక్యరాజ్య సమితి నిపుణుల బృందం గెసాంప్ 1996లో తీర నిర్వహణను ఐదు దశల చక్రంగా చెప్పింది: సమస్యల్ని గుర్తించడం, ప్రణాళిక రాయడం, అధికారికంగా ఆమోదించి నిధులివ్వడం, అమలు, మదింపు. మదింపు తర్వాత మళ్లీ మొదటికి. చాలా ప్రణాళికలు రెండోదాకా వచ్చి మూడో మెట్టు మీద ఆగిపోతాయి. మీ పుస్తకం తెరిచి మూడు సంగతులు వెతకండి: ప్రతి పనికీ ఒకే బాధ్యుడి హోదా రాశారా, డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందో రాశారా, ఏ కొలత ఎంత మారితే పని ఫలించినట్టో రాశారా. ఒక్కటి లేకపోయినా బీరువా నుంచి బయటికి రాదు.

తర్వాత పటం చూడండి. ఖాళీగా చూపిన బీచ్ నిజంగా ఖాళీయేనా? పడవలు లాగి పెట్టే చోటు, వలలు ఆరబెట్టి బాగుచేసే చోటు, చేపలు ఎండబెట్టే చోటు, ఆల్చిప్పలు ఏరే బురద, సముద్రానికి వెళ్లే కాలిబాట ఏవీ భూమి రికార్డుల్లో ఉండవు. ఇవి పటంలో లేకపోతే ఆ స్థలం కాగితం మీద ఎవరిదీ కాదు, రేపు ఇంకెవరికో ఇచ్చేయడం సులువవుతుంది. వేటకు వెళ్లే వాళ్లతో, ఎండబెట్టి అమ్మే ఆడవాళ్లతో విడివిడిగా కూర్చుని, ఏ నెలలో ఏ చోటు వాడతారో పటం మీద వాళ్లచేతే గీయించండి. సమావేశం వేట లేని రోజున, వేట లేని వేళ పెట్టండి. కార్యాలయ సమయంలో పెడితే రావాల్సినవాళ్లు రాలేరు.

చైనాలోని షియామెన్ నగరం 1994లో ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు శాఖల మీద ఒక సమన్వయ వేదికను పెట్టి, సముద్రాన్ని కూడా నేలలాగే వాడకం ప్రకారం జోన్లుగా విడగొట్టింది. ఓడల దారి ఎక్కడ, చేపల పెంపకం ఎక్కడ, రక్షిత ప్రాంతం ఎక్కడన్నది గీత గీసి చెప్పింది. సముద్రాన్ని వాడుకునేవాళ్ల నుంచి రుసుము కూడా వసూలు చేసింది.

మీరు అంత పెద్దదానితో మొదలుపెట్టనక్కర్లేదు. అందరూ ఒప్పుకునే ఒక చిన్న పని, ఒక మురుగు కాలువ మళ్లింపో ఒక దిబ్బకు కంచో, ఎంచుకుని మొదటి ఏడాదిలో పూర్తి చేయించండి. ఆ పనికి ముందూ తర్వాతా తీసిన కొలతల్ని పంచాయతీ గోడ మీద అంటించండి. ఆ కొలతల పుస్తకం పట్టుకుని వెళ్తే, వచ్చే ఏడాది బడ్జెట్ సమావేశంలో మీ ప్రణాళికలోని రెండో పని గురించి అడగడానికి మీకో ఆధారం ఉంటుంది.